పొయ్యి ఆర్పితే బడి

కొత్తగా పెళ్ళయినవాళ్ళు అరకు వెళ్తారు. మేం విద్యాశాఖ ఆఫీసుకి వెళ్ళాం.

అందులో మా తప్పేం లేదు. శ్రావణంలో పెళ్ళయింది. మా ఆయన శ్రీకర్ పాలిటెక్నిక్‌లో ల్యాబ్ చూస్తారు. ఆయనకి పది రోజుల సెలవు దసరా ముందు గాని దొరకలేదు. సెలవు దొరికిన రోజే వాన పట్టుకుంది. ఘాట్ రోడ్డు మీద కొండచరియ జారింది. పెట్టెలో సర్దిన రెండు స్వెట్టర్లూ తీసి మళ్ళీ బీరువాలో పెడుతుంటే మా తోటికోడలు వైదేహి అక్క గుమ్మంలోకి వచ్చి, "ఎలాగూ ఖాళీయే కదా సువర్చలా, నాకో పని చేసిపెడతారా ఇద్దరూ?" అంది.

పని వకుళ గురించి. వకుళ అక్క కూతురు, ఏడేళ్ళది. మా బావగారు వంతెనలు కట్టించే సూపర్‌వైజరు. ఒక ఏటి మీద స్తంభాలు లేచేసరికి కంపెనీవాళ్ళు ఆయన్ని ఇంకో ఏటి దగ్గరికి పంపేస్తారు. అలా రెండేళ్ళలో వకుళ ఐదు బళ్ళు మారింది. ప్రతి బళ్ళోనూ కొత్త పిల్ల కదా అని మొదటి పాఠం నుంచి మొదలుపెట్టారు. ఆ పాఠం అయ్యేలోపు యూనిఫాం కుట్టి వచ్చేది. యూనిఫాం వచ్చిన వారానికి బావగారికి బదిలీ వచ్చేది. కాబట్టి వకుళకి మొదటి పాఠం ఐదుగురు టీచర్ల గొంతుల్లో వచ్చు. రెండో పాఠంలో ఏముందో తెలీదు.

"ఇంక బడి వద్దు. సైటు దగ్గర క్యాంపులో నేనే చెప్పుకుంటాను" అంది అక్క. తను బీకాం చదివింది. "కానీ చట్టం ఏమంటుందో కనుక్కోండి. రేపు పెద్ద తరగతి పరీక్షకి కూర్చోనివ్వకపోతే దాని గతేం కాను?"

బావగారు ఫోన్లో తేల్చి చెప్పేశారు. దసరాకి వస్తాను, మర్నాడు కొత్త సైటుకి వెళ్ళాలి. చేతిలో కాగితం ఉంటే ఇద్దరూ నాతో రండి. లేకపోతే దాన్ని ఇక్కడే బళ్ళో వేసి మీరు ఉండిపోండి, నేను రెండు నెలలకోసారి వచ్చి చూసి వెళ్తాను అన్నారు.

పక్కనే కూర్చుని వకుళ అంతా వింది. లోపలికి వెళ్ళి తన గౌన్లన్నీ తెచ్చి నాన్న పాత పెట్టెలో సర్దేసుకుంది. దసరాకి ఇంకా తొమ్మిది రోజులున్నాయి.

మర్నాడు పొద్దున్నే స్కూటర్ మీద బయల్దేరాం. సన్నగా వాన. ఆయన భుజం అడ్డం ఉంటే నా మొహం మీద చుక్క పడలేదు. ఆఫీసు అర కిలోమీటరు దూరంలోనే ఉందని ముందే తెలిసుంటే చుట్టూ తిప్పి తీసుకెళ్ళమనేదాన్ని.

సీనియర్ గుమస్తా సన్యాసిరావుగారు మా మాట అంతా విని కళ్ళజోడు తుడుచుకున్నారు.

"పిల్లకి ఇంట్లో చదువు చెప్పొద్దని రూలు ఎక్కడా లేదమ్మా."

"అయితే చెప్పుకోవచ్చన్నమాట!"

"చెప్పుకోమని కూడా లేదు."

"మరి?"

"వద్దన్నదానికి ఒక ఫైలు ఉంటది. సరే అన్నదానికి ఒక ఫైలు ఉంటది. మీది ఏ ఫైల్లో పెట్టమంటారు? రేపు రండి, ఆఫీసరుగారు సదస్సు నుంచి వస్తున్నారు."

రేపు రండి అన్నందుకు నేను ఎంత సంతోషపడ్డానంటే ఆయనే కంగారుపడి, "నిజంగానే రేపే అమ్మా" అని ఇంకోసారి చెప్పారు. ఆఫీసు ఎదురుగా బండి మీద పునుగులు వేస్తారు. ఒకే పొట్లం తీసుకుని ఇద్దరం తిన్నాం. ఆఖరి పునుగు ఎవరు తినాలన్న దాని మీద పావుగంట మర్యాదలు చేసుకుంటే సన్యాసిరావుగారు కిటికీలోంచి చూసి, చూడనట్టు తలుపు వేసేశారు.

విద్యాధికారి గరుడాచలంగారు మనిషి నిండుగా ఉంటారు. మాటా అంతే. సదస్సులో ఇచ్చిన గుడ్డసంచీ కుర్చీకి తగిలించి ఉంది. దాని మీద "ఇల్లే తొలి బడి" అని ఎర్రటి అక్షరాలు. ఆ సంచీ చూడగానే నాకు ప్రాణం లేచి వచ్చింది.

"సదరు భావన మహోన్నతమైనది" అన్నారాయన, సంచీ నిమురుతూ. "మూడు దినములు చర్చించి ఏకగ్రీవముగా ఆమోదించినాము. ఇల్లే తొలి బడి. దీనిని మన పరిధిలో తక్షణమే అమలుపరచవలసియున్నది."

"అయితే మాకు అనుమతి ఇస్తారా సార్?" అన్నారు మా ఆయన.

"తొందరపడరాదు. ఇల్లు బడి అని తీర్మానించినాము గదా. మరి ఆ బడికి గుర్తింపు ఉన్నదా?"

మేం మొహాలు చూసుకున్నాం.

"సదరు బాలికకు గృహమునందు బోధన ఎన్నడు ప్రారంభమైనది?"

ఈ ప్రశ్నకి జవాబు చెప్పకుండా ఊరుకుంటే అందరం బాగుండేవాళ్ళం. కానీ నాకు అత్తవారింటి కబుర్లు చెప్పడమంటే సరదా. పైగా కొత్త.

"నాలుగేళ్ళ క్రితం సార్, విజయదశమికి! మా మావయ్యగారే ఒళ్ళో కూర్చోబెట్టుకుని పళ్ళెంలో బియ్యం పోసి వేలు పట్టి రాయించారట. ఫొటో ఉంది చూడండి" అని ఫోన్ ఇచ్చేశాను.

ఫొటోలో మావయ్యగారి ఒళ్ళో బుట్టబొమ్మలా వకుళ, చుట్టూ వీధిలో పిల్లలు. అక్షరాభ్యాసమన్నాక పిల్లలందరికీ పలకా బలపం పంచుతారు కదా. అందరూ కొత్త పలకలు పైకెత్తి నవ్వుతున్నారు.

గరుడాచలంగారు నవ్వలేదు. పెన్ను చివరతో ఒక్కొక్కరినీ లెక్కపెట్టారు.

"పదకొండుగురు. బాలికతో పన్నెండుగురు. బోధన జరిగినది. బోధనా సామగ్రి పంపిణీ చేయబడినది. ఏమయ్యా సన్యాసిరావూ, పలకలు పంచి అక్షరములు నేర్పు స్థలమును ఏమందురు?"

"బడి అంటారండి."

"గుర్తింపు లేని బడి! నాలుగు సంవత్సరముల నుండి! ఫైలు పేరు మార్చుము."

"అయ్యో, అది పండగండీ" అన్నాను.

"అమ్మా, పండుగ దేవాదాయ శాఖ చూచుకొనును. పలక మా శాఖ పరిధి."

బయటికి వచ్చాక మా ఆయన స్కూటర్ సీటు మీద నీళ్ళు తుడిచారు. తరవాత, "ఫొటోలో నేను కూడా ఉన్నాను తెలుసా, పలక పట్టుకుని, వెనకాల" అన్నారు. మళ్ళీ ఫోన్ తీసి చూశాను. ఉన్నారు. అప్పటికి ఇరవై మూడేళ్ళు. పదమూడో విద్యార్థిగా లెక్కలోకి రానందుకు ఇద్దరం నవ్వుకున్నాం గాని, ఇంటికి వెళ్ళి వైదేహి అక్క మొహం చూశాక నవ్వు ఆగిపోయింది.

మూడో రోజున గరుడాచలంగారి సర్క్యులర్ వచ్చింది. "గుర్తింపు పొందని గృహములందు గాని, ఆలయములందు గాని, అరుగులయందు గాని అక్షరములు, అంకెలు, రంగుల పేర్లు మున్నగునవి నేర్పుట గుర్తింపు లేని పాఠశాలను నడుపుటగా పరిగణింపబడును." దసరాకి ఆరు రోజుల ముందు.

ఊరు ఒక్కసారి నాలిక కరుచుకుంది. పలకల కొట్టతను ఒక్కో పలకకీ చిరునామా, చదువు చెప్పేవారి సంతకం అడగడం మొదలుపెట్టాడు. గుళ్ళో పూజారి "ఇచ్చట అక్షరాభ్యాసములు నిలిపివేయబడినవి" అని సుద్దతో రాసి, అలా రాయడం కూడా అక్షరాలు నేర్పడం కిందికి వస్తుందేమోనని సగం తుడిపేశాడు. మా ఎదురింటి సత్తెమ్మగారి మనవడు కాకిని చూపించి "నాన్నమ్మా, అదేం రంగు?" అంటే ఆవిడ వీధి అటూ ఇటూ చూసి, "లోపలికి రా, చెప్తాను" అంది. పురోహితులు సోమయాజులుగారికి దసరాకి పద్నాలుగు అక్షరాభ్యాసాలు ఒప్పుదల అయ్యాయి. పద్నాలుగిళ్ళకీ ఫోన్ చేసి, "మీ ఇంటి గుర్తింపు నంబరు చెప్పండి. లేకపోతే నేను రానండీ, నాకు పెళ్ళాం పిల్లలున్నారు" అన్నారట.

ఎవరింట్లోనూ నంబరు లేదు. గుర్తింపు కోసం ఫైలు కదిలిన ఇల్లు ఊరు మొత్తం మీద ఒక్కటే. అది మాది.

ఐదో రోజున తనిఖీకి వచ్చారు. గరుడాచలంగారు ముందు, రిజిస్టర్లు పట్టుకుని సన్యాసిరావుగారు వెనక. మా మావయ్యగారు బస్టాండులో కంట్రోలరుగా చేసి రిటైరయ్యారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని గుమ్మంలో నిలబడి, బండి ప్లాట్‌ఫారం మీదికి వచ్చినట్టు చెయ్యి ఊపి లోపలికి రానిచ్చారు.

"ప్రధానోపాధ్యాయులు తమరేనా?"

"ఏదో, దానికి లెక్కలు చెప్తుంటాను."

గరుడాచలంగారు వకుళ వైపు తిరిగారు. "బాలికా, ఐదును మూడును కలిపిన ఎంత?"

"ఎనిమిది. ఎనిమిదికి పార్వతీపురం బండి. పది నిమిషాలు లేటు" అంది వకుళ.

"పన్నెండులోనుండి రెండు తీసివేసిన?"

"పది. పదికి బండి లేదు. పదీ ఇరవైకి ఉంది."

ఆయన రాసుకున్నారు: "గణితము తృప్తికరము. సమయపాలన లోపించినది."

ఆ తరవాత ఆటస్థలం చూశారు. పెరట్లో బట్టలు ఆరేసే తీగ కింద కొలిచారు. మంచినీళ్ళు చూశారు. మధ్యాహ్న భోజనం పరిశీలించాలన్నారు. మా అత్తయ్య దప్పళం, వడియాలు వడ్డించింది. ఒకసారి పరిశీలించి, అనుమాన నివృత్తి కోసం రెండోసారి కూడా పరిశీలించారు. చేతులు కడుక్కుని తుడుచుకుంటూ, "అన్నియు సక్రమముగా ఉన్నవి" అన్నారు. వైదేహి అక్క వంటింటి గడపలోనే దేవుడికి దణ్ణం పెట్టేసింది.

"ఒక్క నిబంధన మాత్రము అడ్డుపడుచున్నది" అన్నారాయన. "తొమ్మిదవ నిబంధన. నివాస గృహమునందు పాఠశాల నడుపరాదు."

మా ఆయనే నెమ్మదిగా అడిగారు. "సార్, ఇంట్లో చదువు చెప్పడానికే కదా అనుమతి అడుగుతున్నాం?"

"అవును."

"అది ఇల్లు కాకూడదంటారా?"

"కారాదు."

"మరి మేమేం చెయ్యాలి?"

"మీరు ఇల్లు ఖాళీ చేసినచో ఇది నివాస గృహము కాదు. అప్పుడు మీ ఇంటి బడికి నిరభ్యంతరముగా గుర్తింపు ఇవ్వవచ్చును."

"మేమెక్కడ ఉండాలి సార్?"

"అది గృహనిర్మాణ శాఖ పరిధి."

ఆయన వెళ్ళాక మా అత్తయ్య, "రెండోసారి వడ్డించకుండా ఉండాల్సింది" అని ఊరుకుంది.

ఆ తరవాత మూడు రోజులూ ఆఫీసుకి తిరిగాం. స్కూటరు ఉంది, వాన ఉంది, పునుగులు ఉన్నాయి. అయినా ఎనిమిదో రోజున ఆఖరి పునుగు ఎవరికీ వద్దనిపించి పొట్లంలోనే మిగిలిపోయింది. ఆ సాయంత్రం వకుళ పెట్టె తెరిచి గౌన్లన్నీ తీసి అలమరలో పెట్టేసింది. ఒక్క పసుపు గౌను మాత్రం పెట్టె అడుగున వదిలేసింది. నేను చూస్తున్నానని తెలిసి, "అది పాతది పిన్నీ, ఉన్నా ఫరవాలేదు" అంది.

విజయదశమి నాడు పొద్దున్న తొమ్మిది కావస్తోంది. వంటింట్లో అత్తయ్య పులిహోరకి పోపు వేస్తోంది. గుమ్మం ముందు ఆటో ఆగింది.

ముందు గరుడాచలంగారు దిగారు. పట్టుపంచె. వెనకాల ఆయన భార్య, కూతురు, కూతురి చంకలో జరీ చొక్కా తొడుక్కున్న మూడేళ్ళ పిల్లాడు. వాళ్ళ వెనక సన్యాసిరావుగారు, ఒక చేతిలో బియ్యం పళ్ళెం, ఒక చేతిలో రబ్బరు స్టాంపు, చంకలో పన్నెండు పలకల కట్ట. సైకిల్ మీద వచ్చిన సోమయాజులుగారు మాత్రం గేటు దగ్గరే దిగి నిలబడిపోయారు.

"లోపలికి రండి పంతులుగారూ" అన్నారు మావయ్య.

"నంబరు వేశాకే వస్తానండీ."

గరుడాచలంగారు గొంతు సవరించుకున్నారు. "నా దౌహిత్రుని అక్షరాభ్యాస విషయమై..."

"ముహూర్తం తొమ్మిదీ నలభై రెండుకి" అని ఆయన భార్య అందుకుంది. "మావాడి నక్షత్రానికి అది దాటితే మళ్ళీ శ్రీపంచమి దాకా లేదు. మా ఇంటికి రమ్మంటే పంతులుగారు రారు. గుళ్ళో చెయ్యరు. ఎవరి పుణ్యమో! ఫైలున్న ఇల్లు మీదొక్కటేనట కదమ్మా?"

"ఫైలుంది గానీ సంతకం లేదండీ" అన్నాను.

మావయ్యగారు గోడగడియారం చూశారు. ఆయన మొహంలో పాత ఉద్యోగం వెలిగింది. "తొమ్మిదీ నాలుగు. చార్టు మీద సంతకం పడనిదే బండి కదలదండి. ముందు మా వకుళ కాగితం."

"కానీ తొమ్మిదవ నిబంధన!" అన్నారు గరుడాచలంగారు. నిజంగా బాధగా అన్నారు. తన నిబంధన తనే ఎలా మీరతారు? అరుగు మీద చతికిలబడ్డారు. "ఇది నివాస గృహము. ఎట్లు గుర్తింతును?"

"నివాస గృహం అంటే ఏమిటో ఎక్కడైనా రాసుందా సార్?" అని అడిగాను. ఇన్ని రోజులు ఆఫీసుకి తిరిగితే ఎవరికైనా కొంత వస్తుంది.

సన్యాసిరావుగారు జేబులోంచి నలిగిన నిబంధనల పుస్తకం తీసి వేలు తడి చేసుకున్నారు. "ఉందండి. 'నివాస గృహమనగా పొయ్యి వెలిగించి వంట చేసుకొని నివసించు స్థలము.'"

పోపు వాసన గుమ్మం దాకా వస్తోంది.

"అత్తయ్యా," అని కేకేశాను, "స్టవ్ కట్టేయండి!"

"పులిహోర మధ్యలో ఉందే!"

"ఇది ఇల్లయిపోతోంది అత్తయ్యా, కట్టేయండి!"

టక్ మని స్టవ్ కట్టేసిన చప్పుడైంది. గరుడాచలంగారు లేచి వంటింట్లోకి వెళ్ళి, బర్నర్ మీద చెయ్యి పెట్టి చూసి, ఉష్ అని తీసేసి, సన్యాసిరావుగారి వైపు తిరిగారు. "వ్రాయుము. 'పొయ్యి వెలగని వేళల్లో సదరు గృహము గృహము కానేరదు. కావున ఆయా వేళల్లో అచట బోధన జరుపుట చట్టసమ్మతము.'"

"క్యాంపు కూడా చేర్చండి సార్" అంది వైదేహి అక్క. "మేం రేపు వెళ్ళేది అక్కడికే. రేకుల షెడ్డు."

"అచట పొయ్యి ఉండునా?"

"ఒక్కటే ఉంటుందండి. నేనే వండాలి."

"అయినచో అదియును ఇల్లే. వ్రాయుము సన్యాసిరావూ. 'బాలిక వకుళకు, తండ్రి ఉద్యోగరీత్యా ఏ స్థలమునందున్నను, తల్లి పొయ్యి ముట్టించని వేళల్లో, తల్లిచే బోధన జరుపవచ్చును. సదరు బాలిక మునుముందు పరీక్షలకు హాజరగుటకు అభ్యంతరము లేదు.'"

"ఇవాళ సెలవు కదండీ. సంతకం చెల్లుతుందా?" అన్నారు సన్యాసిరావుగారు.

"నిన్నటి తేదీ వేయుము."

"నిన్న పొయ్యి వెలిగిందండి."

"వేయవయ్యా!" అంది గరుడాచలంగారి భార్య.

తొమ్మిదీ ముప్ఫై ఆరుకి స్టాంపు పడింది. సన్యాసిరావుగారు గేటు వైపు తిరిగి నంబరు గట్టిగా చదివారు. సోమయాజులుగారు రెండు అంగల్లో లోపలికి వచ్చేశారు.

తీరా పీట వేసి కూర్చోబెట్టాక పిల్లాడు పిడికిలి బిగించేశాడు. తాతగారు "వేలు చాచవలెను" అంటే ఇంకా గట్టిగా బిగించి ఏడుపు లంకించుకున్నాడు. తొమ్మిదీ నలభై. తొమ్మిదీ నలభై ఒకటి. అప్పుడు వకుళ వెళ్ళి వాడి పక్కన కూర్చుంది.

"ఏడవకు. ఇది చాలా తేలిక. నేను ఐదుసార్లు నేర్చుకున్నాను" అని వాడి పిడికిలి విప్పి, చూపుడువేలు పట్టుకుని, బియ్యంలో గుండ్రంగా తిప్పింది. పిల్లాడు ఏడుపు మానేసి తన వేలి వెనక దారి పడుతుంటే వింతగా చూశాడు. రాయడం అయ్యాక చెరిపేసి మళ్ళీ రాస్తానన్నాడు. ఐదు బళ్ళలో ఐదుసార్లు వృథా అయిందనుకున్న మొదటి పాఠం ఆ వేళ అలా అక్కరకొచ్చింది.

పలకలు వీధి పిల్లలకి పంచారు. సన్యాసిరావుగారు అలవాటు చొప్పున, "అయ్యా, పన్నెండుగురు..." అని మొదలుపెట్టారు.

"నోరు మూయి" అన్నారు గరుడాచలంగారు. నేను విన్నంతలో ఆయన మామూలు తెలుగులో మాట్లాడింది అదొక్కటే. సాయంత్రానికి సర్క్యులరు కూడా పొయ్యిల సవరణతో మళ్ళీ వచ్చింది. మిగిలిన పదమూడిళ్ళలోనూ స్టవ్‌లు కట్టేసి అక్షరాభ్యాసాలు చేసుకున్నారు. ఆ రోజు ఊరంతా ఆలస్యంగా తింది.

మధ్యాహ్నం బండికి బావగారు దిగారు. సంచీ కింద పెట్టకుండానే కాగితం అడిగి, నిలబడి రెండుసార్లు చదివారు.

"'తల్లి పొయ్యి ముట్టించని వేళల్లో' ఏమిటిది? మరి అన్నం?"

"తల్లి ముట్టించకూడదన్నారు" అంది వైదేహి అక్క. మొహం మీద నవ్వు దాచుకోలేకపోతోంది. "తండ్రి మాటేమీ రాయలేదు."

"అంటే నేను ముట్టించొచ్చా?"

"నిరభ్యంతరముగా" అంది అక్క.

వకుళ అప్పటికే అలమర దగ్గర ఉంది. గౌన్లన్నీ పసుపు గౌను మీద పెట్టి, పెట్టె మూత మీద ఎక్కి కూర్చుని గొళ్ళెం వేసింది.

వాళ్ళు వెళ్ళాక ఇల్లు కొంచెం బోసిపోయింది. మా ఆయన సెలవూ అయిపోయింది. అందుకని ఇప్పుడు సాయంత్రాలు నాకు స్కూటర్ నేర్పుతున్నారు. వంట వేళకి ఇంటికి రాలేదేమని అత్తయ్య అడిగితే, చదువు నడుస్తోంది అత్తయ్యా, పొయ్యి ముట్టించకూడదు అంటాను. మూడు రోజులు నమ్మింది.

నిన్న వకుళ ఫోన్ చేసింది. వెనకాల ఏటి హోరు వినిపిస్తోంది.

"పిన్నీ, రెండో పాఠం అయిపోయింది! అందులో నక్క ఉంది."

"అబ్బో! మరి మూడోది?"

"అమ్మ మొదలుపెట్టింది. మధ్యలో ఆపేశాం" అంది. "నాన్న అన్నం మాడ్చేశాడు."